తగ్గింది నేరమా, నమోదా?

ఏటా డిసెంబరు చివర్లో పోలీసు కమిషనర్లు విలేకరుల ముందు కూర్చుని, నిరుటితో పోలిస్తే ఇళ్ల దొంగతనాలు ఇంత శాతం, గొలుసు దొంగతనాలు ఇంత శాతం తగ్గాయని చదివి వినిపించడం హైదరాబాదులో ఆనవాయితీ. ఆ శాతాలే మర్నాటి శీర్షికలవుతాయి. తగ్గింది నేరమా, నేరాన్ని రాసుకోవడమా అని అడిగేవారు కనబడరు. పౌరుడు తన ఠాణా పరిధిలో ఎన్ని ఫిర్యాదులు వచ్చాయో, వాటిలో ఎన్ని కేసులయ్యాయో నెలనెలా చూసుకోగలిగే దాకా, నగర నేరాల రేటు అనే అంకెను భద్రతకు కొలమానంగా అంగీకరించనవసరం లేదు.

ఆ అంకె ఎలా తయారవుతుందో చూడండి. లవంలో ఉండేది జరిగిన నేరాలు కావు, స్టేషన్లో నమోదైన నేరాలు. కేసుల నమోదు పెరగడాన్ని నేరాలు పెరగడంగా పొరబడవద్దని జాతీయ నేర రికార్డుల బ్యూరో తన నివేదికల్లోనే హెచ్చరిస్తుంది. ఒకే ఎఫ్ఐఆర్‌లో పలు నేరాలుంటే తీవ్రమైన ఒక్కదాన్నే లెక్కలోకి తీసుకోవడం దాని పద్ధతి. దోపిడీ చేసి ప్రాణం తీస్తే పట్టికలో హత్య మాత్రమే మిగులుతుంది. ఇక హారం 2011 జనాభా లెక్క. హైదరాబాదుకు సుమారు 77.5 లక్షలు. ఆ తర్వాత నగరం చుట్టూ లేచిన టవర్లలో కాపురముంటున్నవారు, వాటిని కట్టిన కూలీలు ఆ హారంలో లేరు. పైనా కిందా నమ్మకం లేని భిన్నంతో నగరాలకు ర్యాంకులు ఇస్తున్నాం.

2022 లెక్కల్లో లక్ష జనాభాకు కాగ్నిజబుల్ నేరాలు, అంటే వారంటు లేకుండానే పోలీసులు అరెస్టు చేయగల నేరాలు, కోల్‌కతాలో 86.5, పుణెలో 280.7, హైదరాబాదులో 299.2. కోల్‌కతా దేశంలోకెల్లా సురక్షిత నగరమని అందరూ రాశారు. 2024 ఆగస్టులో అదే నగరంలోని ఆర్.జి.కర్ ఆసుపత్రిలో వైద్యురాలి హత్యాచారం జరిగినప్పుడు, ఎఫ్ఐఆర్ అంత ఆలస్యంగా ఎందుకు నమోదైందని సుప్రీంకోర్టు నిలదీయవలసి వచ్చింది. మరోవైపు ఢిల్లీ పోలీసులు వాహన దొంగతనాలకు స్టేషన్‌కు రానక్కరలేకుండా 2015 నుంచే ఆన్‌లైన్ ఎఫ్ఐఆర్ తెచ్చారు. నేరాల పట్టికల్లో ఢిల్లీ పైన నిలవడానికి అదీ ఒక కారణం. తలుపు తెరిచినవాడికి అపకీర్తి, మూసినవాడికి కితాబు!

ఈ మూసివేత నిశ్శబ్దంగా సాగుతుంది. బస్సులో జేబులోంచి ఎవరో కొట్టేసిన ఫోను స్టేషన్ కాగితంలో 'పోగొట్టుకున్న' ఫోను అవుతుంది. పోయిన ఫోన్ల జాడ తీసే కేంద్ర ప్రభుత్వ సీఈఐఆర్ పోర్టల్ ద్వారా వేలకొద్దీ ఫోన్లు వెతికి సొంతదారులకు అప్పగించామని పోలీసులు ప్రకటించడం అభినందించదగినదే, కానీ వాటిలో ఎన్నింటికి దొంగతనం కేసు కట్టారన్నది ఆ ప్రకటనల వెంట రాదు. చేయి చేసుకున్న తగాదా స్టేషన్ పంచాయితీలో రాజీ అవుతుంది. మిగిలినవాటికి మా లిమిట్స్ కాదనే జవాబు ఉండనే ఉంది. 2019 నవంబరులో శంషాబాద్ దగ్గర 'దిశ' కుటుంబం రాత్రివేళ విన్నది ఆ మాటే. తర్వాత ఒక ఎస్సైని, ఇద్దరు హెడ్ కానిస్టేబుళ్లను సస్పెండ్ చేశారు. కాగ్నిజబుల్ నేరమని ఫిర్యాదు చెబుతుంటే కేసు నమోదు తప్పనిసరని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం లలితా కుమారి కేసులో 2013లోనే తేల్చిన సంగతి ఆ రాత్రి ఆ ఠాణాలకు తెలియకపోలేదు. 2024 జులై నుంచి అమలైన కొత్త నేర విచారణ సంహిత, పరిధితో పనిలేకుండా ఏ స్టేషన్లోనైనా రాయవలసిన జీరో ఎఫ్ఐఆర్‌ను చట్టంలో చేర్చి, ఆ చేత్తోనే మూడేళ్ల నుంచి ఏడేళ్లలోపు శిక్షపడే నేరాల్లో కేసు కట్టే ముందు 14 రోజుల ప్రాథమిక విచారణకు వీలిచ్చింది. ఏడాది చివర శాతం తగ్గాలని కోరుకునే అధికారికి ఆ 14 రోజులు చాలు.

ఠాణాల వారీ లెక్కలు బయటపెడితే కొన్ని బస్తీలకు మచ్చ పడుతుందని, స్థలాల ధరలు పడిపోతాయని, నిజాయతీగా కేసులు రాసే ఇన్‌స్పెక్టరే దోషిగా కనబడతాడని పోలీసులు అంటారు. చివరిది నిజమైన అభ్యంతరమే. అందుకే నమోదైన కేసుల పక్కన, వచ్చి కేసు కాకుండా పోయిన ఫిర్యాదుల సంఖ్యనూ ప్రచురించాలి. బస్తీల మచ్చ సంగతికి వస్తే, పేరున్న గేటెడ్ కాలనీలకు వర్తించని ఈ జాలి పాతబస్తీకి మాత్రమే ఎందుకు గుర్తొస్తుందో వారే చెప్పాలి.

లెక్కల్ని దాచే ఈ వ్యవస్థ మనుషుల పేర్ల దగ్గర మాత్రం అంత మొహమాటపడదు. 2016 సెప్టెంబరులో సుప్రీంకోర్టు ఆదేశించాక, లైంగిక నేరాల వంటి సున్నితమైనవి మినహా ఎఫ్ఐఆర్‌లను 24 గంటల్లో వెబ్‌సైట్లో పెట్టాలి. నిందితుడు తన మీద ఏముందో తెలుసుకోవడానికి అది మంచి ఏర్పాటు. అయితే ఛార్జిషీటు బహిరంగ పత్రం కాదని అదే కోర్టు 2023 జనవరిలో చెప్పింది. అంటే ఆరోపణ అందరికీ కనబడుతుంది, దర్యాప్తులో ఏం తేలిందో కనబడదు. ఇల్లు అద్దెకిచ్చే యజమాని, ఉద్యోగమిచ్చే కంపెనీ వెతికితే దొరికేది ఆ మొదటి కాగితమే. ఎన్నికల అభ్యర్థి తన కేసుల్ని అఫిడవిట్లో ప్రకటించాలన్న 2002 తీర్పు అధికారం కోరేవాడి రికార్డును ప్రజల ముందుంచింది, అది సబబు. అధికారం ఊసే లేని ఆటోడ్రైవరును అదే గాజుపెట్టెలో నిలబెట్టడం వేరు.

గాజుపెట్టెలో ఎవరుండాలన్నది మనకు పాత తగాదానే. 1871లో వచ్చి, 1911లో మద్రాసు ప్రాంతానికీ విస్తరించిన నేరస్థ తెగల చట్టం కింద స్టూవర్టుపురంలో పుట్టిన పిల్లవాడికి పుట్టుకే నేరచరిత్ర. చట్టం 1952లో రద్దయింది, అలవాటు పోలేదు. వెనుకబడిన, ఎస్సీ, ఎస్టీ వర్గాల అమాయకుల పేర్లు యాంత్రికంగా హిస్టరీ షీట్లలోకి, అంటే పోలీసులు నిఘా కోసం పెట్టుకునే రికార్డుల్లోకి, ఎక్కకుండా చూడాలని సుప్రీంకోర్టు 2024 మేలో రాష్ట్రాలకు మళ్లీ చెప్పవలసి వచ్చిందంటే, రౌడీషీట్ల అల్మరాలు ఇంకా ఎలా నిండుతున్నాయో ఊహించవచ్చు. 2022 ఆగస్టులో బంజారాహిల్స్‌లో ప్రారంభించిన కమాండ్ కంట్రోల్ సెంటర్ తెరలపై నగరమంతా కనబడుతుంది. ముఖాల్ని గుర్తించే సాంకేతికతను ఏ చట్టం కింద వాడుతున్నారని హైకోర్టులో వ్యాజ్యం పడింది కూడా. రోడ్డు మీద నడిచే మనిషిని అన్ని తెరలపై చూడగల శాఖకు, ఫలానా నెలలో ఫలానా స్టేషన్ ఎంతమందిని రశీదు ఇవ్వకుండా వెనక్కి పంపిందో లెక్కపెట్టడం చేతకాదంటే నమ్మలేం.

తేవలసినవి పెద్ద సంస్కరణలేమీ కావు. స్టేషన్‌కు వచ్చిన ప్రతి ఫిర్యాదుకూ సంఖ్య, ఆ సంఖ్య ఏమైందో నెలకోసారి స్టేషన్ గోడ మీదా వెబ్‌సైట్లోనూ ప్రకటన, ఎఫ్ఐఆర్ ఉన్న పేజీలోనే కేసు మూసివేత లేదా కోర్టు తీర్పు. ఇవాళ నిర్దోషిగా బయటపడ్డ మనిషి ఎఫ్ఐఆర్ పోలీసు వెబ్‌సైట్లో ఒక నంబరుతో ఉంటే, అతణ్ని విడిచిపెట్టిన తీర్పు ఈ-కోర్టుల సైట్లో ఇంకో నంబరుతో ఉంటుంది. ఆ రెండు నంబర్లను కలిపే పని అతడి మీదే పడుతోంది.