కలగాపులగమైన పువ్వు గురించి
ఈ వారం గళ్ళనుడికట్టు (క్రాస్‌వర్డ్) అన్యాయంగా ఉందన్న పాఠకులతో నేను సగమే ఏకీభవిస్తున్నాను. ‘విజయనగరంలో దాగిన ఆభరణం (2)’ అన్న ఆధారానికి ‘నగ’ అన్న రెండక్షరాల జవాబు మా ఊరి పేరులోనే ఉంది. ఇక్కడివాళ్ళకే అది వెంటనే తట్టకపోవడం కూర్పరి దోషం కాదు, నైపుణ్యం. జిమెనెస్ అనే కలంపేరుతో ఇంగ్లిషులో గళ్ళనుడికట్లు కూర్చిన మాక్‌నట్ 1966లో చెప్పినట్టు, ఆధారంలో కచ్చితమైన నిర్వచనం, జవాబుకు చేర్చే న్యాయమైన పదక్రీడ ఉండాలి, మూడోదేదీ ఉండకూడదు. ‘తీగ తిరగబడితే శిరస్సు’ కూడా ఆ నియమానికి లోబడినదే: లతను వెనకనుంచి చదివితే తల. అయితే ‘కలగాపులగమైన పువ్వు’ అని మాత్రమే ఇచ్చి, అది ఏ పువ్వో, జవాబుకు అర్థమేమిటో చెప్పకుండా అక్షరాలను తారుమారు చేయమనడం నాకు ఎంతమాత్రం సమ్మతం కాదు. దానికి ఒక్క నిర్వచనం చేర్చి ఉంటే, అడ్డం పదాల అక్షరాల సాయంతోనైనా పూర్తిచేయగలిగేవాళ్ళం.