65 మి.మీ. దాటితే దొంగ త్రీడీయేనా?

"స్టీరియో ఫొటోకి లెన్సుల మధ్య ఎడం మన కళ్ల మధ్య ఉన్నంతే, అంటే 65 మి.మీ. ఉండాలి. మించితే తలనొప్పి, పైగా అది దొంగ త్రీడీ." ఈ మాట తెగ షేర్ అవుతోంది. ఇందులో పావు వంతు నిజం ఉంది, దాని దగ్గరికీ వస్తాను.

స్టీరియో ఫొటో అంటే ఒకే దృశ్యాన్ని పక్కపక్కన రెండు చోట్ల నుంచి తీసి, ఒక్కో కంటికి ఒక్కోటి చూపించే జంట. ఆ రెండిటి మధ్య తేడా వల్లే లోతు కనిపిస్తుంది. ముందు ఆ 65 సంగతి. రెండు కిలోమీటర్ల అవతల కొండ, వెనక ఆకాశం. 50 మి.మీ. లెన్సుతో, 65 మి.మీ. ఎడంతో రెండు ఫొటోలు తీశారనుకోండి. సెన్సర్ మీద కొండ స్థానంలో వచ్చే తేడా 0.0016 మి.మీ. 24 మెగాపిక్సెల్ ఫుల్‌ఫ్రేమ్ కెమెరాలో ఒక్క పిక్సెలే సుమారు 0.006 మి.మీ. ఉంటుంది. అంటే పిక్సెల్‌లో మూడో వంతు కూడా జరగలేదు. ఒకే ఫొటోని రెండుసార్లు తీసినట్టు. అదే ఎడం 40 మీటర్లు చేయండి, తేడా 1 మి.మీ. అవుతుంది. అప్పుడు కొండ మడతలు, మధ్య లోయలు వేటికవి విడిపడతాయి.

తలనొప్పా? అది ఎడంతో రాదు, ఫ్రేములో దగ్గరి వస్తువుకీ దూరపు వస్తువుకీ మధ్య తేడా శ్రుతి మించితే వస్తుంది. ఆ 40 మీటర్ల ఎడంలోనే 200 మీటర్ల దూరంలోని చెట్టు చొరబడితే తేడా 10 మి.మీ. అవుతుంది, కళ్లు లాగేస్తాయి. అందుకే దగ్గరి వస్తువు దూరంలో ముప్పయ్యో వంతు ఎడం చాలంటారు. ఆ లెక్కన 20 సెం.మీ. దూరంలోని పువ్వుకి 7 మి.మీ. చాలు. అక్కడ "సహజమైన" 65 పెట్టి చూడండి, తలనొప్పి ఏమిటో తెలుస్తుంది! రెండు ఫొటోలు పైకీ కిందికీ తేడాగా ఉన్నా అంతే, ఎడం ఎంతైనా.

ఇక "దొంగ" అన్న మాట. ఎడం పెంచితే కొండ బొమ్మలా కనిపిస్తుంది, ఇదే ఆ పావు వంతు నిజం. కళ్ల మధ్య 40 మీటర్లున్న రాక్షసుడు చూసినట్టు చూస్తున్నాం మరి. మన లెక్కలో ఆ కొండ మూడు మీటర్ల దూరంలో పెట్టిన నమూనా. కానీ విమానం నుంచి సర్వే ఫొటోలు తీసేవాళ్ల ఎడం వందల మీటర్లు. ఆ జంటలు చూసే పటాల మీద కాంటూర్ గీతలు, అంటే ఒకే ఎత్తున్న చోట్లని కలిపే గీతలు, గీశారు. దొంగ త్రీడీతో ఎత్తులు కొలవగలరా?

నన్నడిగితే అసలు ఇబ్బంది వేరే. ఒకే కెమెరాతో ఓ ఫొటో తీసి, 40 మీటర్లు నడిచి ఇంకోటి తీసేలోపు మేఘం కదిలిపోతుంది. నా మొదటి జంటలో కొండ వెనక ఉండాల్సిన మేఘం ముందుకొచ్చి కూర్చుంది. ఇప్పుడు ఇంకో కెమెరా పట్టుకుని ఒక స్నేహితుణ్ణి అవతల నిలబెడుతున్నాను.