ఎక్సెల్ షీటూ, మామగారి రన్నింగ్ టైమూ

అమెరికాలో అపలాచియన్ ట్రైల్ అని జార్జియా రాష్ట్రం నుంచి మెయిన్ రాష్ట్రం దాకా దాదాపు 2,190 మైళ్ళ కాలిబాట ఉంది, దాన్ని ఒక్క ఊపులో నడిచేవాళ్ళు ఉద్యోగాలు మానేసి అయిదారు నెలలు అదే పనిగా నడుస్తారంట. మనకి వీసా ఉంది, దాని కింద ఉద్యోగం ఉంది, దాని కింద ఈఎంఐ ఉంది, అందుకని నేనూ మా తోడల్లుడూ ముక్కలు ముక్కలుగా నడిచేద్దామని డిసైడయ్యాం. మొదటి ముక్క వర్జీనియాలో, మా ఇంటికి దగ్గర్లోనే ఉన్న షెనాండోవా నేషనల్ పార్కు. అక్కడ ట్రైలు కొండమీద స్కైలైన్ డ్రైవ్ అనే రోడ్డుని అటూ ఇటూ దాటుతూ పోతుంది కాబట్టి మూటలన్నీ కార్లో పడేసి చేతులూపుకుంటూ నడవచ్చు. కారు డ్రైవింగు మా ఆవిడ, పక్క సీట్లో భీమవరం నుంచి ఆర్నెల్లకి వచ్చిన మామగారు, వెనకాల అత్తగారూ పదకొండు డబ్బాలూ.

ప్లాన్ నాదే, ఎక్సెల్ షీట్లో వేశా. అక్టోబరు లాంగ్ వీకెండు, థార్న్‌టన్ గ్యాప్ నుంచి స్విఫ్ట్ రన్ గ్యాప్ దాకా, గ్యాప్ అంటే కనుమ. రోడ్డు మీద మైలురాళ్ళు 31.5, 65.5, తీసేస్తే 34 మైళ్ళు, అంటే మూడు రోజులకి 12, 12, 10. ట్రైలు రోడ్డు పక్కనే కదా, అదీ అంతే ఉంటుందిలే అనుకున్నా. నైస్మిత్ అని ఒక స్కాట్లాండు ఆయన 1892లోనే లెక్క చెప్పాడు, మూడు మైళ్ళకి గంట అని. దాని ప్రకారం పొద్దున్న 9:30కి బయల్దేరితే ఒంటిగంటకల్లా దారిలో ఉన్న స్కైలాండ్ అనే లాడ్జిలో భోజనం. ఆ లెక్కలోనే ప్రతి రెండువేల అడుగుల ఎక్కుడికి ఇంకో గంట కలపాలని కూడా ఉంది, అది నేను స్క్రోల్ చెయ్యలేదు.

మామగారు ఆర్టీసీలో కంట్రోలర్‌గా రిటైరయ్యారు. ప్రింటవుట్ చూసి కళ్ళజోడు పైకెత్తి "బాబూ, ఇది ఘాట్ రోడ్డు కదండీ, మీరు ప్లెయిన్ రోడ్డు రన్నింగ్ టైం వేశారేంటి" అన్నారు. నేను నవ్వి, రెండు నెలల్నుంచి రోజూ పన్నెండు నడుస్తున్నా మామయ్యగారూ అని వాచీ చూపించా.

థార్న్‌టన్ గ్యాప్ నుంచి మేరీస్ రాక్ ఎక్కుడు, దాదాపు పన్నెండొందల అడుగులు. పైకి చేరేసరికి 11:15, నాకు ఊపిరి ముక్కులోంచి కాకుండా చెవుల్లోంచి వస్తున్న ఫీలింగు. వాచీలో మూడు దగ్గర్లో ఉంది. "హమ్మయ్య మూడు మైళ్ళు కొట్టేశాం" అన్నా. తోడల్లుడు బోర్డు వైపు చూశాడు, నా వాచీ వైపు చూశాడు, "అన్నయ్యా, రెండు మైళ్ళు కూడా కాలేదు" అన్నాడు మెల్లిగా. విషయం ఏంటంటే పోయిన సమ్మర్లో ఇండియా వెళ్ళినప్పుడు వాచీని కిలోమీటర్లలోకి మార్చా, మళ్ళీ మార్చలేదు. అంటే నేను రోజూ నడిచిన పన్నెండు ఏడున్నర మైళ్ళన్నమాట, అదీ మా ఇంటి వెనకాల తారు వేసిన ట్రైలు మీద, అది ఒకప్పటి రైలు కట్ట, రైలు ఎక్కలేని ఎత్తు దానిమీద ఎక్కడుంటుంది చెప్పండి.

పినకిల్స్ పిక్నిక్ గ్రౌండ్‌కి చేరేసరికి ఒంటిగంటన్నర. బల్లమీద దుప్పటి పరిచి అత్తగారు రెడీ. పులిహోర, వంకాయ కూర, గోంగూర, పెరుగన్నం, చల్లమిరపకాయలు, ఫ్లాస్కులో కాఫీ. పక్క బల్ల దగ్గర ఇద్దరు హైకర్లు ఎనర్జీ బార్లు కొరుక్కుంటూ మా వైపు చూస్తున్నారు, అత్తగారు ఊరుకుంటారా, వాళ్ళకీ రెండు పేపర్ ప్లేట్లు. వాళ్ళు తినేసి థాంక్యూ చెప్పి లేచి వెళ్ళిపోయారు. మేం లేవలేకపోయాం. నైస్మిత్ ఎంత పెద్దాయనైనా పెరుగన్నానికి ఎన్ని నిమిషాలు కలపాలో చెప్పలేదు. బయల్దేరేటప్పటికి 2:45.

"నెక్స్ట్ స్కైలాండ్ దగ్గర కలుద్దాం మామయ్యగారూ" అన్నా. "స్కైలైనే కదా, మేం పొద్దున్నించీ దానిమీదే ఉన్నాం" అన్నారాయన. ఆ మాట అక్కడే సరిచెయ్యాల్సింది, కడుపు నిండా ఉండి సరిచెయ్యలేదు.

స్కైలాండ్ చేరేసరికి 5:45, కారు లేదు, ఫోన్లో ఒక్క గీత సిగ్నల్ లేదు. పైగా స్కైలాండ్‌కి రెండు ఎంట్రన్సులు, ఒకటి 41.7 మైలురాయి దగ్గర, రెండోది 42.5 దగ్గర. నేను నార్త్‌కి వెళ్ళా, లేరు. సౌత్‌కి నడిచా, లేరు. తర్వాత తెలిసింది, వాళ్ళు ఒక వ్యూ పాయింట్ దగ్గర స్కైలైన్ మీదే గంట వెయిట్ చేసి, మా ఆవిడకి వెలిగి, నేను నార్త్‌లో ఉన్నప్పుడు సౌత్‌కీ సౌత్‌లో ఉన్నప్పుడు నార్త్‌కీ తిరిగారంట. చీకటి పడుతుంటే హెడ్‌లైట్లు కనపడ్డాయి. అద్దం దించి మామగారు, "బాబూ, ప్యాసింజరు స్టేజీ దగ్గర నిలబడాలండి, బస్సు వెనకాల తిరక్కూడదు" అన్నారు. తోడల్లుడు అప్పటికే లాడ్జి మెట్లమీద కూర్చుని చిప్స్ తింటున్నాడు, అసలు కదల్లేదంట.

ఆ రాత్రి లూరే ఊళ్ళో మోటెల్లో మామగారు గ్రోసరీ బిల్లు వెనకాల కొత్త షెడ్యూలు వేశారు. రోజుకి ఐదు మైళ్ళు, రెండు హాల్టులు, ప్రతి హాల్టు దగ్గరా మైలురాయి నంబరు. ఒక్క నిమిషం తేడా లేకుండా నడిచింది ఆ సర్వీసు. మూడో రోజు మధ్యాహ్నం బిగ్ మెడోస్‌లో ఆపేశాం, స్విఫ్ట్ రన్ గ్యాప్ ఇంకా 14 మైళ్ళుంది. మామగారు అక్కడి బ్లాక్‌బెర్రీ మిల్క్‌షేకు రెండోది తాగుతూ భీమవరం ఫ్రెండుకి వాట్సాప్ కాల్ చేశారు, అక్కడ మాత్రం సిగ్నల్ వచ్చింది ఎందుకో.

"మా అల్లుడుగారు జార్జియా నుంచి మెయిన్ దాకా నడుస్తున్నారండీ... ఆ, నడకే... స్టార్టయిపోయింది, ఇంకో 2,170 మైళ్ళు పెండింగు."