సాయంత్రానికి అయిపోయే పనట!

"కాల్‌బ్యాక్ తీసేసి అవెయిట్ పెట్టడమేగా, సాయంత్రానికి అయిపోదూ?" ఇది పొద్దున మీటింగ్‌లో మా లీడ్ గారు సెలవిచ్చిన మాట. కాల్‌బ్యాక్ అంటే పని అయ్యాక పిలవమని ముందే ఇచ్చే ఫంక్షన్, అవెయిట్ అంటే జవాబు వచ్చేదాకా ఆగమని కోడ్‌లో చెప్పే మాట. ఇప్పుడు రాత్రి పదకొండున్నర. అయిపోయింది. పని కాదు, నా ఓపిక.

మా ప్రాజెక్టులో ఉన్నది, డేటాబేస్‌తో మాట్లాడించే మోంగూస్ అనే లైబ్రరీ ఐదో వెర్షన్. ఉన్నట్టుండి ఏడుకి మారాలట. ఆ ఏడు వచ్చింది 2023లో, మావాళ్లకి ఇప్పుడు తెల్లారింది. అందులో కాల్‌బ్యాక్‌లు మొత్తం పీకేశారు. పాత అలవాటుకొద్దీ, డేటాబేస్‌లో వెతికే ఫైండ్‌కి ఒక ఫంక్షన్ ఇచ్చామా, ఇక తీసుకోనని మొహం మీదే ఎర్రర్ కొడుతుంది. మంచిదే. మొహం మీద చెప్పేవాళ్లతో నాకెప్పుడూ పేచీ లేదు. చప్పుడు చేయకుండా కొంప ముంచేవాళ్లతోనే నా గొడవంతా.

ఇది వినండి. యూజర్ ఉన్నాడో లేడో చూసి లోపలికి వదిలే ఫంక్షన్ ఒకటుంది. టీమ్‌లో కొత్తగా చేరిన కుర్రాడు అందులో కాల్‌బ్యాక్ తీసేశాడు, ఒక్క రికార్డుని వెతికే ఫైండ్‌వన్ ఇచ్చింది యూజర్ అనే వేరియబుల్‌లో పెట్టాడు, ముందు అవెయిట్ మర్చిపోయాడు. అంతే! కింద "యూజర్ ఉంటే పంపు" అనే ఇఫ్. కానీ ఆ వేరియబుల్‌లో ఉన్నది యూజర్ కాదు, ఇంకా నడవని క్వెరీ (డేటాబేస్‌ని అడగాల్సిన ప్రశ్న) ఆబ్జెక్ట్. ఆబ్జెక్ట్ ఏదైనా సరే, జావాస్క్రిప్ట్ ఇఫ్‌కి అది నిజమే. డేటాబేస్‌ని అడగనే లేదు, తలుపు మాత్రం బార్లా తెరుచుకుంది. ఎర్రర్ లేదు, వార్నింగ్ లేదు, లాగ్‌లో ఒక్క ముక్క లేదు. కుర్రాణ్ణి ఏమీ అనను. జన్మలో అవెయిట్ మర్చిపోనివాళ్లు ఉంటే చేతులెత్తండి, దండం పెడతా.

జాబితాలో ఒక్కోదానికీ ఒకే పని చేయించే ఫర్‌ఈచ్ లోపల అసింక్ (అవెయిట్ వాడే ఫంక్షన్) పెట్టినవి పదకొండు చోట్ల దొరికాయి. అది ఎవరికోసమూ ఆగదు మహాప్రభో! సేవ్‌లు ఇంకా నడుస్తూ ఉంటాయి, యూజర్‌కి "సక్సెస్" వెళ్లిపోతుంది. వాటిలో ఒక్కటి ఫెయిలై, దాన్ని పట్టుకునేవాడు లేకపోతే నోడ్ (సర్వర్‌లో జావాస్క్రిప్ట్‌ని నడిపేది) 15వ వెర్షన్ నుంచి మొత్తం ప్రాసెసే కూలుతుంది. పాత కోడ్‌లో ఆ ఎర్రర్‌ని హాయిగా మింగేసేవాళ్లం, అది వేరే కథ.

అసలు నా కడుపుమంట ఇది కూడా కాదు. ఐదో వెర్షన్‌లో ఒకే క్వెరీకి అవెయిట్ పెట్టి, కాల్‌బ్యాక్ కూడా ఉంచితే అది రెండుసార్లు నడుస్తుంది. ఒకటి పెరగాల్సిన కౌంటర్ రెండు పెరుగుతుంది. మూడేళ్ల క్రితం ఆ లెక్క తేడాకి క్లయింట్ ముందు తలవంచుకుని సారీ చెప్పిందెవరు? నేను. ఆ లైన్ రాసిందెవరు? 2017లో అవెయిట్ వాడుకోగలిగే నోడ్ 8 వచ్చినప్పుడు "ఇప్పుడే మార్చేద్దాం సార్, ఉన్నవి పది ఫైళ్లేగా" అని నేను మొత్తుకుంటే "ఇవన్నీ ఫ్యాషన్లమ్మా, పనిచేసేదాన్ని కదపకు" అన్న ఆ మహానుభావుడే. ఆ పది ఇప్పుడు రెండొందలయ్యాయి. ఆయన లీడ్ అయ్యారు. నేను అవెయిట్‌లు ఏరుకుంటున్నాను.

ఇది టైప్ చేస్తుండగానే ఆయన మెసేజ్. "టెస్టులన్నీ గ్రీన్‌గా ఉన్నాయిగా, మెర్జ్ చేసేద్దామా?"

ఆ లాగిన్ ఫంక్షన్‌కి అసలు టెస్టే లేదు సార్.