ఉదయం పత్రాలు, సాయంత్రం పతకాలు

విజయవాడ సత్యనారాయణపురంలో ఒక గ్రంథాలయం మేడ మీద నెలకోసారి వాదోపవాదం జరుగుతుంది. ఈసారి ఇచ్చిన విషయం: ‘రాష్ట్రపతి దినచర్యలో ఉత్సవాలు, సన్మానాలు సగానికి సగం తగ్గించాలి.’ తగ్గించాలన్నది బాబాయి. రెవెన్యూ శాఖలో ఉండి, ప్రముఖుల పర్యటనలకు ఏర్పాట్లు చూసీ చూసీ రిటైరైన మనిషి. కూడదన్నది ఆయన అన్న కూతురు. డిగ్రీ విద్యార్థులకు రాజనీతి శాస్త్రం చెబుతుంది. ఇంట్లో ఎలాగూ పడే గొడవే కదా, వేదిక మీద పడితే నలుగురూ వింటారని ఇద్దరినీ పిలిచారు. రాసుకున్నంత మేరకు ఇక్కడ ఇస్తున్నాను. చప్పట్లు వదిలేశాను. అవి బాబాయికే ఎక్కువ పడ్డాయి, వాదం గట్టిదని కాదు, ఆయన చెప్పే తీరు అలాంటిది.

బాబాయి: సభకు నమస్కారం. నేను రాజ్యాంగం చదివినవాణ్ణి కాదు, కార్యక్రమ పట్టికలు చదివినవాణ్ణి. రాష్ట్రపతి గారు గన్నవరంలో దిగుతున్నారంటే మా చేతికి నిమిషాల వారీ కార్యక్రమం వస్తుంది. రాక ఒక నిమిషం, జాతీయ గీతం ఒక నిమిషం, జ్యోతి ప్రజ్వలన రెండు నిమిషాలు. గీతం నిడివి 52 సెకన్లు. మిగిలిన 8 సెకన్లలో వేదిక మీదివాళ్లంతా కూర్చోవాలి. ముందు రోజే కాన్వాయ్ మొత్తం ఒకసారి ఉత్తుత్తిగా నడుస్తుంది. ఆ కాసేపు బెంజి సర్కిల్ దగ్గర జనం ఏమంటారో నేను ఈ వేదిక మీద చెప్పలేను. పుష్పగుచ్ఛానికి తనిఖీ, కుర్చీకి తనిఖీ, మంచినీళ్ల గ్లాసుకు తనిఖీ. అన్నిటికంటే కష్టమైంది విమానం మెట్ల దగ్గర స్వాగతం పలికేవాళ్ల వరుస. ఎవరు నిలబడాలి, ఎవరి పక్కన ఎవరు, ఎవరి చేతిలో పువ్వులు. ఆ జాబితాలో పేరు రాలేదని ఒక పెద్దమనిషి నాతో మాటలు మానేశాడు, ఇప్పటికీ ఎదురుపడితే రోడ్డు దాటి అవతలికి పోతాడు. ఇంతా చేస్తే రాష్ట్రపతి గారు వేదిక మీద ఉండేది గంట. ఆ గంటలో దేశానికి ఏమి ఒరిగింది?

అమ్మాయి: ఒరిగిందో లేదో పట్టా అందుకున్న పిల్లల్ని అడగండి. 2024 డిసెంబరు 17న రాష్ట్రపతి ద్రౌపదీ ముర్ము మంగళగిరి ఎయిమ్స్ మొదటి స్నాతకోత్సవానికి వచ్చారు. ఒడిశాలో ఒక సంతాలీ పల్లెలో పుట్టిన ఆమె చేతి మీదుగా పతకం అందుకోవడం చిన్న సంగతి కాదు.

బాబాయి: డైరెక్టరు గారు ఇచ్చినా డాక్టరు డాక్టరే.

అమ్మాయి: నిజమే. రిజిస్ట్రారు కార్యాలయంలో సంతకాలు పెట్టినా పెళ్లి పెళ్లే. అయినా మీరు చెల్లాయి పెళ్లికి ఊరందరినీ పిలిచారు.

(సభ నవ్వింది. బాబాయి కూడా నవ్వాడు గాని, జవాబు వెతుక్కోవడానికి కళ్లద్దాలు తుడుచుకోవడం నేను చూశాను.)

బాబాయి: పిలిచాను, అప్పు కూడా తీర్చాను. కానీ పెళ్లి ఒక్క రోజే తల్లీ! రాష్ట్రపతి భవన్‌లో రోజూ పెళ్లే. 340 గదుల ఇల్లు. పొద్దున రాయబారుల అధికార పత్రాలు. తర్వాత శిక్షణలో ఉన్న అధికారుల బృందంతో ఫోటో. మధ్యాహ్నం ఎవరో పుస్తకం మొదటి ప్రతి తెచ్చి ఇస్తారు. సాయంత్రం పతకాలు, రాత్రి విదేశీ అతిథికి విందు. ముందు నడిచే గుర్రాల దళం చూస్తే వారన్ హేస్టింగ్స్ దొర 1773లో పెట్టుకున్నది. దొరలు వెళ్లిపోయారు, గుర్రాలు మిగిలాయి.

అమ్మాయి: మీరు రాయబారుల పత్రాలనూ పుస్తకం మొదటి ప్రతినీ ఒకే గంపలో వేశారు. అక్కడే మీ వాదం దారి తప్పింది. ఆ పత్రం ఏమిటో చెప్పనివ్వండి. అది ఒక దేశాధినేత మరొక దేశాధినేతకు స్వయంగా రాసే ఉత్తరం. ‘ఈ మనిషి చెప్పే మాట నా మాటగా నమ్మండి’ అని అందులో ఉంటుంది. అంతకు ముందున్న రాయబారిని వెనక్కి పిలిపించుకుంటున్నామనే ఉత్తరం కూడా దానికి తోడుగా వస్తుంది. రాయబారి నడిచి వస్తాడు, రెండు చేతులతో అందిస్తాడు, మన రాష్ట్రపతి అందుకుంటారు. చూడటానికి ఏమీ లేదు. కానీ 1961 నాటి వియన్నా ఒప్పందం ప్రకారం రాయబారుల మధ్య ఎవరు ముందు, ఎవరు వెనక అన్నది ఆ దేశం ఎంత పెద్దదన్న దాన్ని బట్టి తేలదు. ఎవరు ఏ రోజు, ఏ వేళకు బాధ్యత స్వీకరించారన్న దాన్ని బట్టే తేలుతుంది. ఒక చిన్న ద్వీపం నుంచి వచ్చిన రాయబారి అమెరికా రాయబారి కంటే ముందు పత్రం ఇస్తే వరుసలో ముందు నిలబడతాడు. మీ విమానం మెట్ల దగ్గర పెద్దమనిషికి ఆ నియమం ఉండి ఉంటే మీ స్నేహం మిగిలేది.

బాబాయి: స్నేహం పోయిందని నేను బాధపడలేదమ్మా.

అమ్మాయి: ఇక అసలు మాట. ఈ ఉత్సవాలన్నీ రాష్ట్రపతి దగ్గర ఎందుకున్నాయి? ప్రధాని దగ్గర ఉండకూడదు కాబట్టి. అధికారం ఉన్నవాడికే వందనమూ, గుర్రాలూ, సన్మానాలూ ఇచ్చేస్తే ఇక అతడు మనలో ఒకడని ఎవరికి గుర్తుంటుంది? అమెరికాలో రెండూ ఒకరికే. అక్కడ అధ్యక్షుడి పట్టికలో ఉదయం యుద్ధం మీద సమావేశం, మధ్యాహ్నం పిల్లలతో ఫోటో. అధ్యక్షుణ్ణి విమర్శిస్తే దేశాన్ని విమర్శించినట్లు లెక్క వేస్తారు.

బాబాయి: అక్కడి పట్టికల సంగతి నువ్వే ఎత్తావు కాబట్టి ఒకటి చెప్పాలి. రేగన్ గారి ప్రయాణాలకు, సమావేశాలకు మంచి వేళలు ఏవో శాన్‌ఫ్రాన్సిస్కోలో ఉన్న ఒక జ్యోతిష్కురాలిని నాన్సీ రేగన్ ఫోనులో అడిగేవారట. ఆయన దగ్గర సిబ్బంది అధిపతిగా చేసిన మనిషే 1988లో బయటపెట్టాడు. మనం వర్జ్యం చూస్తే మాత్రం వెనకబాటుతనం!

(ఈ మాటకు విషయంతో సంబంధం లేదు. కానీ సభ మొత్తం బాబాయి వైపు తిరిగిపోయింది, అధ్యక్షులు గంట కొట్టాల్సి వచ్చింది.)

అమ్మాయి: ఉత్సవం ఎవరిదన్నది ఊరికే తేలే విషయం కాదు. 1974 దాకా ఆగస్టు 15న రాష్ట్ర రాజధానుల్లో జెండా ఎగరేసింది గవర్నర్లు. తమిళనాడు ముఖ్యమంత్రి కరుణానిధి పట్టుబట్టాక ఆ హక్కు ముఖ్యమంత్రులకు వచ్చింది. జనవరి 26 గవర్నరుకు, ఆగస్టు 15 ముఖ్యమంత్రికి. ఇక్కడ మున్సిపల్ స్టేడియంలో ఆ రెండు రకాల బందోబస్తూ మీరే చూశారు. తాడు ఎవరు లాగాలన్నది అంత అల్పమైన విషయమైతే ఒక ముఖ్యమంత్రి దాని కోసం ఢిల్లీతో ఎందుకు పేచీ పెట్టుకుంటాడు?

బాబాయి: అల్పమని నేను అనలేదు. ఎక్కువైందని అన్నాను. తగ్గించవచ్చని రుజువు కూడా ఉంది. రాష్ట్రపతిని ‘హిజ్ ఎక్స్‌లెన్సీ’ అనే అలవాటును దేశంలోపలి సభలకు 2012లో ప్రణబ్ ముఖర్జీ గారే ఆపించారు. ఏమైంది? ఏమీ కాలేదు. అలాగే మిగతావీ. సరే, ఇప్పుడు నన్నొక మాట అడగనివ్వు. మన దేశంలో రాష్ట్రపతి పెట్టిన సంతకాల్లో అన్నిటికంటే బరువైనది ఏది?

అమ్మాయి: మీరు ఎక్కడికి వెళ్తున్నారో తెలుస్తోంది.

బాబాయి: తెలిస్తే మంచిదే. 1975 జూన్ 25. సాయంత్రం ప్రధాని ఇందిరా గాంధీ గారు, బెంగాల్ ముఖ్యమంత్రి సిద్ధార్థ శంకర్ రే గారు వెళ్లి రాష్ట్రపతి ఫక్రుద్దీన్ అలీ అహ్మద్ గారిని కలిశారు. అర్ధరాత్రి కాకముందే ఎమర్జెన్సీ ప్రకటన మీద సంతకం అయిపోయింది. మంత్రివర్గానికి తెలిసింది మర్నాడు పొద్దున. ఆ రోజు ఎవరు పుష్పగుచ్ఛం ఇచ్చారో, ఎవరితో ఫోటో దిగారో నాకు తెలియదు, నాకే కాదు, ఎవరికీ అక్కర్లేదు. దేశానికి అవసరమైన ఘడియ ఆ పట్టికలో చివరికి, రాత్రి పూట వచ్చింది. రోజంతా నిలబడి నమస్కారాలు పెట్టిన మనిషి దగ్గరికి రాత్రి కాగితం తీసుకెళ్తే ఏమి చదువుతాడు? ఎవరితో మాట్లాడతాడు? క్షమాభిక్ష అర్జీలూ ఆ బల్ల మీదే ఉంటాయి. ఒక మనిషి ప్రాణం రెండు సన్మానాల మధ్య ఖాళీలో తేలకూడదు.

అమ్మాయి: ఆయన అలసట వల్ల సంతకం పెట్టలేదు బాబాయి గారూ. తిరస్కరించే ధైర్యం లేక పెట్టారు. ఖాళీ సమయం ఇస్తే ధైర్యం రాదు. దానికి మందు పట్టికలో లేదు, చట్టంలో వెతికారు. మంత్రివర్గం నిర్ణయం రాతపూర్వకంగా అందితే తప్ప ఎమర్జెన్సీ ప్రకటించకూడదని 1978లో 44వ సవరణ తెచ్చారు. మంత్రివర్గ సలహాను ఒకసారి వెనక్కి పంపి మళ్లీ ఆలోచించమనే వీలూ ఆ సవరణతోనే వచ్చింది. దాన్ని వాడినవారూ ఉన్నారు. 1997 అక్టోబరులో ఉత్తరప్రదేశ్‌లో కల్యాణ్ సింగ్ ప్రభుత్వం బలం నిరూపించుకున్నాక కూడా రాష్ట్రపతి పాలన పెట్టమని కేంద్ర మంత్రివర్గం సిఫారసు చేస్తే కె.ఆర్. నారాయణన్ తిప్పి పంపారు. మంత్రివర్గం మానుకుంది. బిల్లుల సంగతి వేరే అధికరణం. 2006లో లాభదాయక పదవుల బిల్లును కలాం గారు తిప్పి పంపారు. ఇద్దరూ మిగతావాళ్ల లాగే పతకాలు ఇచ్చారు, పరేడ్లు చూశారు, విందులకు వెళ్లారు.

బాబాయి: వాళ్లు చదివే అలవాటున్నవాళ్లు. అందరూ అలా ఉండరు.

అమ్మాయి: అయితే మీ అభ్యంతరం మనుషుల మీద. పట్టిక మీద కాదు.

బాబాయి: రెండింటి మీదా. రాష్ట్రపతిగా చేసిన మన నీలం సంజీవరెడ్డి గారినే తీసుకో. 1979 ఆగస్టు 20న ప్రధాని చరణ్ సింగ్ లోక్‌సభ ముఖం చూడకుండానే రాజీనామా చేశారు. 22న సభ రద్దయింది. మధ్యలో ఆ రెండు రోజులు ఎవరెవరు లోపలికి వెళ్లారు, ఎంతసేపు ఉన్నారు, ప్రభుత్వం ఏర్పాటు చేస్తానన్న జగ్జీవన్ రామ్ గారికి ఎంత సమయం దొరికింది? ఆ పట్టిక కావాలి నాకు. కానీ పత్రికలో వచ్చేది ఎప్పుడూ ఒకటే వాక్యం: మర్యాదపూర్వకంగా కలిశారు. మర్యాద కోసమే అయితే ఫోను చాలదా?

(ఈ చోట అమ్మాయి కాస్త తగ్గింది. నాకు తెలిసి ఆ రోజు బాబాయి చెప్పిన వాటిలో గట్టి మాట ఇదే. ఆయన మాత్రం గుర్రాల మాటే గట్టిదని అనుకుంటున్నాడు.)

అమ్మాయి: ఎవరు కలిశారో వెల్లడించడమైతే మంచి ఆచారమే. బ్రిటన్‌లో మూడో జార్జి రాజు 1803 నుంచి తన రోజువారీ కార్యక్రమాలు తానే పత్రికలకు ఇప్పించడం మొదలుపెట్టాడు, వాళ్లు తప్పులు రాస్తున్నారని.

బాబాయి: రాజు గారు తన గొప్ప తానే రాయించుకున్నాడన్నమాట.

అమ్మాయి: రాయించుకున్నాడు. ఇవాళ చరిత్రకారుడికి అది ఆధారం. ఇక సన్మానాల గురించి. 2021లో ఈ ఊరి నుంచే వయొలిన్ విద్వాంసులు అన్నవరపు రామస్వామి, మృదంగ విద్వాంసురాలు నిడుమోలు సుమతి పద్మశ్రీ పొందారు. సంగీతంలో వాళ్ల స్థాయి అంతకుముందే బెజవాడకు తెలుసు. దేశం నోటితో ఆ మాట అనిపించడానికి ఒకరు కావాలి, ఆ ఒకరు ఏ పార్టీ మనిషిగానూ నిలబడకూడదు. 2019 మార్చిలో కర్ణాటక నుంచి సాలుమరద తిమ్మక్క దర్బార్ హాలుకు వచ్చింది. భర్తతో కలిసి రోడ్డు పొడవునా మర్రి మొక్కలు నాటి, బిందెలతో నీళ్లు మోసి పెంచిన మనిషి. వయసు నూరు దాటింది. కెమెరా వైపు చూడమని రాష్ట్రపతి కోవింద్ చెబుతుంటే, ఆమె చెయ్యి ఎత్తి ఆయన తల మీద పెట్టి దీవించింది. హాలంతా చప్పట్లు.

బాబాయి: చూశావా! అందరికీ గుర్తున్నది పట్టికలో లేని ఆ ఒక్క క్షణమే. తల ముట్టుకోవచ్చని ఏ నిమిషాల వారీ కార్యక్రమంలోనూ రాయరు. ఆ పని నా డ్యూటీలో జరిగి ఉంటే నాకు మెమో వచ్చేది.

అమ్మాయి: పట్టిక లేకపోతే ఆమె ఆ హాల్లోకి వచ్చేదే కాదు.

బాబాయి: ఒప్పుకుంటాను. తిమ్మక్క లాంటివాళ్లను ఉంచండి. నేను తగ్గించమన్నది శిలాఫలకాలు, మొదటి ప్రతులు, సంస్థల వార్షికోత్సవాలు, బృందాలతో ఫోటోలు. ఇంకో మాట చెప్పి కూర్చుంటాను. గవర్నర్లు పంపిన బిల్లుల మీద రాష్ట్రపతి మూడు నెలల్లో తేల్చాలని 2025 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఇద్దరు న్యాయమూర్తుల ధర్మాసనం చెప్పింది. దాని మీద రాష్ట్రపతి గారే కోర్టును ప్రశ్నలు అడిగారు. గడువు విధించడం కోర్టుల పని కాదని నవంబరులో ఐదుగురు న్యాయమూర్తులు అభిప్రాయం చెప్పారు. సరే, న్యాయం వాళ్లకు తెలుసు. నాకు తెలిసింది పట్టిక. అందులో పాటకు 52 సెకన్లు, దీపానికి రెండు నిమిషాలు, బిల్లుకు మాత్రం గడువు లేదు. ఏ బిల్లు ఏ తేదీన బల్ల మీదికి వచ్చింది, ఏ తేదీన లేచింది అన్నది కూడా రోజువారీ కార్యక్రమాల పక్కనే వేయమనండి.

అమ్మాయి: ఆ కోరిక మీద మీతో పాటు నేనూ సంతకం పెడతాను. కానీ దాని కోసం ఒక్క స్నాతకోత్సవమైనా మానక్కరలేదు.

బాబాయి: మానకపోతే చదవడానికి సమయం ఎక్కడిది?

అమ్మాయి: రాత్రి భోజనాలయ్యాక ఫైళ్లు చూడటం ఏ పెద్ద పదవిలోనైనా ఉన్నదే.

బాబాయి: జూన్ 25 కూడా రాత్రేనమ్మా.

అధ్యక్షులు గంట కొట్టి చేతులెత్తమన్నారు. తగ్గించాలన్న పక్షానికి మూడు చేతులు ఎక్కువ వచ్చాయి. అమ్మాయి మళ్లీ లెక్కపెట్టమంది.