మీ మౌస్ పాస్‌వర్డ్ మర్చిపోయారా?

కొత్తగా మౌస్ కొనబోతున్నవారికి ముందుగా ఒక విజ్ఞప్తి. ఈమెయిల్ ఐడీ ఒకటి, ఇంతకుముందు ఎక్కడా వాడని పాస్‌వర్డ్ ఒకటి (క్యాపిటల్ లెటర్, అంకె, ఆశ్చర్యార్థకం తప్పనిసరి), పుట్టిన తేదీ, ఓటీపీ రావడానికి సిగ్నల్ ఉన్న ఫోను, ఇవన్నీ దగ్గర పెట్టుకుని మరీ పెట్టె విప్పండి. తర్వాత వందల ఎంబీల సాఫ్ట్‌వేర్ దిగుతుంది, కంప్యూటర్ రీస్టార్ట్ చేయమంటుంది, షరతులన్నీ చదివామని మనం ఒక అబద్ధం ఆడాలి. అప్పటికి గానీ పక్కనున్న చిన్న బటన్‌కి "కాపీ" అనే ఉద్యోగం ఇవ్వడం కుదరదు.

దీనికి కొందరు సణుగుతున్నారు. డబ్బులు పోసి కొన్న వస్తువు వాడుకోవడానికి మళ్లీ వాడి పర్మిషన్ ఏంటండీ అని, గేదెను కొని ఇంటికి తోలుకొచ్చాక పాలు పిండాలంటే అమ్మినవాడి నుంచి ఓటీపీ రావాలన్నట్టుంది అని. ఇలాంటి పాతకాలపు లాజిక్కులతో డిజిటల్ యుగం నడవదు. అందుకే ఈ వ్యాసకర్త కంపెనీల పక్షాన నిలబడి, మౌస్‌కి అకౌంట్ ఎంత అవసరమో, అకౌంట్ లేని మౌస్ సమాజానికి ఎంత ప్రమాదమో విడమరిచి చెప్పదలుచుకున్నాడు.

ముందు అసలు రోగం ఎక్కడుందో చూద్దాం. మామూలు యూఎస్‌బీ మౌస్ కంప్యూటర్‌తో మాట్లాడే మాటలు ఎన్నో తెలుసా? అత్యంత సాదా పద్ధతిలో, అంటే బూట్ ప్రోటోకాల్‌లో, మూడు బైట్లు. ఏ బటన్ నొక్కారన్నది మొదటి బైటు, పక్కకి ఎంత జరిగింది అన్నది రెండోది, పైకో కిందికో ఎంత జరిగింది అన్నది మూడోది. అంతే, ఇక దాని బతుక్కి చెప్పుకోవడానికి ఏమీ లేదు. కీబోర్డు కాస్త వాగుడుకాయ, దానికి ఎనిమిది బైట్లు కావాలి. షిఫ్ట్, కంట్రోల్ లాంటివాటికి ఒకటి, ఒకేసారి నొక్కి ఉంచిన ఆరు కీలకు ఆరు, మధ్యలో ఒకటి ఖాళీ. ఆ ఖాళీ బైటును చూస్తే నాకు కడుపు తరుక్కుపోతుంది. 1990లలో కూర్చుని ఈ పద్ధతి రాసిన పెద్దమనుషులు అందులో కనీసం మన వయసైనా పెట్టొచ్చు కదా! ఒక బైటులో 255 ఏళ్ల వరకూ పడుతుంది. వాళ్ల అశ్రద్ధ వల్ల ఏమైందంటే ఏ కీబోర్డయినా, ఏ మౌసయినా, డ్రైవర్ (ఆ వస్తువును నడిపించే సాఫ్ట్‌వేర్) లేకుండా, ఇంటర్నెట్ లేకుండా, విండోస్ ఇంకా లేవకముందే బయోస్ స్క్రీన్‌లో కూడా పనిచేసేస్తోంది. తమ వస్తువును ఎవరు వాడుతున్నారో తెలియక ఒక తరం కంపెనీలు చీకట్లో బతికాయి.

ఆ చీకటిని పారదోలడానికి నడుం కట్టినవాళ్లలో రేజర్ కంపెనీని ప్రత్యేకంగా చెప్పుకోవాలి. గేమింగ్ మౌస్‌లు చేసే ఈ కంపెనీ సినాప్స్ 2.0 అనే సాఫ్ట్‌వేర్‌కి లాగిన్ తప్పనిసరి చేస్తే 2012లో కొన్నవాళ్లు పెద్ద గొడవే చేశారు. కంపెనీ చెప్పిన కారణం మాత్రం చాలా గొప్పది: మీ సెట్టింగులు క్లౌడ్‌లో ఉంటాయి, మీరు ఎక్కడికెళితే అక్కడికి మీతో వస్తాయి. అంతకుముందు ఏం జరిగేదనుకున్నారు? చాలా మౌస్‌లలో సెట్టింగులు మౌస్‌లోనే, ఓ చిన్న మెమరీ చిప్‌లో ఉండేవి. మౌస్‌ని జేబులో వేసుకుని వెళితే సెట్టింగులు కూడా జేబులోనే వచ్చేసేవి. అంత దగ్గరగా ఉంటే విలువ ఏముంటుంది? అందుకే వాటిని సముద్రాల అవతల సర్వర్‌లో పెట్టి, మనం కావాలన్నప్పుడు తెప్పించుకునే ఏర్పాటు చేశారు. తర్వాత జనం గోల భరించలేక సినాప్స్ 3లో "గెస్ట్ మోడ్" అని ఒకటి ఇచ్చారు. మన డబ్బుతో కొన్న మౌస్‌కి, మన బల్ల మీద, మనమే అతిథులం. మర్యాద అంటే అదీ.

ఇంత సాఫ్ట్‌వేర్ ఎందుకు అని అడిగేవాళ్లకి 2021 ఆగస్టు సంగతి చెప్పాలి. రేజర్ మౌస్‌ని ఏ విండోస్ 10 కంప్యూటర్‌కి గుచ్చినా విండోసే దాని ఇన్‌స్టాలర్‌ని తెచ్చి, సిస్టమ్ అధికారాలతో, అంటే ఇంటి తాళాలన్నీ చేతిలో పెట్టి మరీ నడిపించేది. ఏ ఫోల్డర్‌లో పెట్టమంటారు అని అది మర్యాదగా అడిగే చోట షిఫ్ట్ పట్టుకుని రైట్ క్లిక్ కొట్టి, పవర్‌షెల్ అనే, ఆదేశాలు టైపు చేసే కిటికీ తెరిస్తే, ఆ తాళాలు మన చేతికి వచ్చేసేవి. ఒక సెక్యూరిటీ పరిశోధకుడు దీన్ని బయటపెట్టాక కంపెనీ సరిచేస్తానంది. ఆఫీసులో అడ్మిన్ పాస్‌వర్డ్ కోసం ఐటీ వాళ్ల చుట్టూ తిరిగేవాళ్లు ఒక మౌస్ కొనుక్కుంటే సరిపోయేది, ఆ అవకాశం కూడా పోయింది. అంతకు ఏడాది ముందు, 2020లో, అదే కంపెనీ ఆన్‌లైన్ స్టోర్‌లో కొన్న సుమారు లక్షమంది పేర్లు, ఈమెయిళ్లు, ఫోన్ నంబర్లు, ఆర్డర్ వివరాలు తాళం వేయని సర్వర్‌లో దొరికాయి. అయినా పాస్‌వర్డ్‌లో ఆశ్చర్యార్థకం ఎందుకు పెట్టమంటారు అని మనల్ని మనమే అడుక్కోవాలి.

రేజర్‌ని ఒక్కదాన్నే పొగిడితే మిగతావాళ్లు నొచ్చుకుంటారు. గ్రాఫిక్స్ కార్డుల కంపెనీ ఎన్‌విడియా 2016లో జీఫోర్స్ ఎక్స్‌పీరియన్స్ అనే తన సాఫ్ట్‌వేర్‌కి లాగిన్ పెట్టి, 2024లో కొత్త యాప్ తెచ్చి ఆ లాగిన్ తీసేసింది. ఎనిమిదేళ్ల పాటు డ్రైవర్ అప్‌డేట్ కోసం లాగిన్ అయిన మహానుభావులకు ఆ కాలం లెక్కగట్టి పెన్షన్ ఇవ్వాలని నా డిమాండ్. బొమ్మలు గీసే టాబ్లెట్లు చేసే వాకామ్ అకౌంట్ అడగకుండానే పని కానిచ్చింది. దాని డ్రైవర్ మనం కంప్యూటర్‌లో ఏ ప్రోగ్రాం తెరిచినా ఆ పేరును గూగుల్ అనలిటిక్స్ అనే, వాడకం లెక్కలు కట్టే సేవకి పంపిస్తోందని 2020లో రాబర్ట్ హీటన్ అనే ప్రోగ్రామర్ పట్టుకున్నాడు. సెట్టింగుల్లో ఒక మూల "వాకామ్ ఎక్స్‌పీరియన్స్ ప్రోగ్రాం" అని ఉంటుంది, దాన్ని ఆపుకోవచ్చు. బొమ్మ గీయడానికి పెన్ను పట్టుకుంటే ఆ పెన్ను మన గురించి డైరీ రాస్తోందని తెలిసి కళాకారులు సంతోషించాల్సింది పోయి మండిపడ్డారు.

ఇక మౌస్‌లు, కీబోర్డులు చేసే లాజిటెక్. 2024లో దాని సీఈఓ హన్నెకే ఫేబర్ ఒక పాడ్‌కాస్ట్‌లో "ఎప్పటికీ ఉండే మౌస్" గురించి మాట్లాడుతూ సబ్‌స్క్రిప్షన్ సంగతి కూడా కొట్టిపారేయకుండా ఉంచారు. జనం ఎగిరి పడేసరికి అలాంటి ప్లాన్ ఏదీ లేదని కంపెనీ వివరణ ఇచ్చుకుంది. అయ్యో, ఎందుకు వెనక్కి తగ్గారండీ! నెలకు ఇన్ని లెఫ్ట్ క్లిక్కులు, రైట్ క్లిక్ కావాలంటే ప్రీమియం ప్యాక్, డబుల్ క్లిక్‌కి జీఎస్టీ అదనం. పండగ సీజన్‌లో ఉచిత స్క్రోలింగ్. మన టెలికం కంపెనీలకి ఈ ఐడియా అప్పగించి ఉంటే ఈపాటికి ఫ్యామిలీ ప్యాక్ కూడా వచ్చేసేది.

కంపెనీ పేరెందుకు గానీ, నా దగ్గరున్న ఒక కీబోర్డు సంగతి చెప్పాలి. లైట్ల రంగు మార్చాలంటే లాగిన్ అవ్వమంటుంది. లాగిన్ అవ్వాలంటే పాస్‌వర్డ్ కొట్టాలి. పాస్‌వర్డ్ దేనితో కొడతాం? ఆ కీబోర్డుతోనే. అంటే ఈ కీబోర్డు మీదేనా కాదా అని తేల్చుకోవడానికి అది నన్ను తన మీదే టైపు చేయించుకుంటుంది, మళ్లీ నమ్మకం కుదరక మెయిల్‌కి కోడ్ పంపిస్తుంది, ఆ కోడ్ కూడా తన మీదే కొట్టించుకుంటుంది. పిల్లికి ఎలుక సాక్ష్యం అంటే ఇదే. చివరికి ఎరుపు రంగు నీలం అయింది. నెట్ పోయిన రోజు మళ్లీ ఎరుపు. నేను దాన్ని బీఎస్ఎన్ఎల్ సిగ్నల్ లైటుగా వాడుకుంటున్నాను, బాగానే పనికొస్తోంది.

ప్రింటర్ల దగ్గర ఈ విద్య పరాకాష్ఠకు చేరింది. హెచ్‌పీ ప్లస్ అనే పథకంలో చేరిన ప్రింటర్‌కి ఇంటర్నెట్ కనెక్షన్ ఉండాలి, హెచ్‌పీ అకౌంట్ ఉండాలి, ఆ ప్రింటర్ బతికి ఉన్నంతకాలం హెచ్‌పీ ఇంకే పొయ్యాలి. హెచ్‌పీ నెలవారీ ఇంక్ పథకంలో చేరి ఆపేస్తే, ఆ పథకం కింద వచ్చిన కార్ట్రిడ్జ్‌లో ఇంకు ఉన్నా ప్రింటు రాదు. కళ్లెదుట ఇంకు ఉంటుంది, కానీ అది మనది కాదు. అమెరికాలో ఉన్న మన పిల్లలు సేల్‌లో చవగ్గా వచ్చిందని ప్రింటర్ తీసుకుని, మోడల్ నంబర్ చివర చిన్న "ఇ" అక్షరం (హెచ్‌పీ ప్లస్ గుర్తు) ఎందుకుందో పట్టించుకోకుండా సెటప్‌లో "అంగీకరిస్తున్నాను" నొక్కితే, అది ఏడడుగులు నడిచినట్టే.

ఇదంతా కొత్త గొడవేమీ కాదు లెండి. 1980 ప్రాంతంలో ఎంఐటీ ల్యాబ్‌కి జిరాక్స్ లేజర్ ప్రింటర్ ఒకటి వచ్చింది. అందులో పేపర్ ఇరుక్కుంటే అందరికీ కబురు పంపేలా చిన్న మార్పు చేద్దామని అక్కడి ప్రోగ్రామర్ రిచర్డ్ స్టాల్మన్ దాని సోర్స్ కోడ్ (ప్రోగ్రాం అసలు రాత) అడిగితే ఇవ్వలేదు. ఆయనకి మండింది. ఎవరైనా చదివి మార్చుకోగల సాఫ్ట్‌వేర్ కోసం 1983లో గ్నూ ప్రాజెక్టు ప్రకటించడం వెనక ఆ మంట కూడా ఉంది. ఒక్క పేపర్ జామ్ దగ్గర సర్దుకుపోయే గుణం లేకపోతే ఎంత అనర్థమో చూడండి.

మన ప్రభుత్వం కూడా అనవసరంగా ఈ వ్యవహారంలో వేలు పెట్టింది. 2023 నాటి డేటా ప్రొటెక్షన్ చట్టం ఆరో సెక్షన్ ప్రకారం సమ్మతి స్వేచ్ఛగా, షరతులు లేకుండా ఉండాలి, చెప్పిన పనికి అవసరమైన సమాచారానికే పరిమితం కావాలి. చట్టంలోనే ఒక ఉదాహరణ ఉంది: వైద్యం యాప్ మీ ఫోన్‌లో కాంటాక్టులు కూడా అడిగితే, మీరు సరే అన్నా సరే, వైద్యానికి కాంటాక్టులు అక్కర్లేదు కాబట్టి ఆ సమ్మతి వాటికి వర్తించదు. ఇదే కొలతతో చూస్తే బాణం గుర్తు కదపడానికి నా పుట్టిన తేదీ అవసరమని నిరూపించాల్సి వస్తుంది. పాపం కంపెనీలు ఏం చెబుతాయి? పుట్టినరోజు నాడు కర్సర్ కేక్ కోస్తుందనా? నిబంధనలు 2025 నవంబరులో వచ్చాయి, ముఖ్యమైన బాధ్యతలు అమల్లోకి రావడానికి పద్దెనిమిది నెలల గడువు ఇచ్చారు. ఆలోపు ఏదో ఒక కారణం కనిపెట్టకపోరు.

ఇప్పుడు అసలు ప్రమాదం గురించి హెచ్చరించాలి. అకౌంట్ అడగని వస్తువులు కొన్ని ఇంకా బహిరంగంగా అమ్ముడవుతున్నాయి. మన డీటీపీ సెంటర్లలో, ప్రభుత్వ ఆఫీసుల్లో టకటకలాడే టీవీఎస్ గోల్డ్ కీబోర్డునే తీసుకోండి. దానికి యాప్ లేదు, రంగురంగుల లైట్లు లేవు, క్లౌడ్ లేదు. అను అనే తెలుగు ఫాంట్లలో పెళ్లి శుభలేఖలు, ఎన్నికల కరపత్రాలు, సంస్మరణ ప్రకటనలు దాని మీద ఎన్ని కొట్టారో ఆ కంపెనీకే తెలియదు. ఎంత డేటా మట్టిపాలైందో! రైసు మిల్లుల్లో కిర్రుకిర్రుమనే డాట్ మ్యాట్రిక్స్ ప్రింటర్లదీ అదే తీరు, రిబ్బన్ మారిస్తే చాలు, ఎవరినీ అడక్కుండా బిల్లు కొట్టేస్తాయి.

దీనికి తోడు చదువుకున్న కుర్రాళ్లు మరీ బరితెగించారు. క్యూఎంకే అనే ఓపెన్ సోర్స్ (కోడ్ అందరికీ తెరిచి ఉంచిన) ఫర్మ్‌వేర్, అంటే కీబోర్డు లోపలే నడిచే సాఫ్ట్‌వేర్, ఉన్న కీబోర్డు కొంటారు, వయా అనో వయల్ అనో ఒక టూల్ తెరిచి ఏ కీ ఏం చేయాలో మార్చుకుంటారు, అది కీబోర్డు లోపలే సేవ్ అయిపోతుంది. లాగిన్ లేదు, ఓటీపీ లేదు. వేరే కంప్యూటర్‌కి గుచ్చితే అక్కడా అలాగే పనిచేస్తుంది. విండోస్ బదులు లైనక్స్ వాడేవాళ్లయితే లాజిటెక్ మౌస్‌కి సోలార్, రేజర్‌కి ఓపెన్‌రేజర్, ఇంకా చాలా మౌస్‌లకి పైపర్ అని పెట్టుకుని కంపెనీ సాఫ్ట్‌వేర్ మొహమే చూడరు. రంగురంగుల లైట్ల కోసం ఓపెన్‌ఆర్‌జీబీ అని ఒకటుంది, విండోస్‌లో కూడా నడుస్తుంది, పది కంపెనీల లైట్లను పది అకౌంట్లు లేకుండా ఒకేచోట ఆడిస్తుంది. ఈ సాఫ్ట్‌వేర్లు రాసేవాళ్లలో చాలామంది తీరిక వేళల్లో, జీతం లేకుండా రాస్తారట. వీళ్లకి మన పుట్టిన తేదీ మీద ఎంత నిర్లక్ష్యం ఉంటే ఇలా చేస్తారు!

అన్నిటికన్నా కిలాడీ పని ఇంకొకటి ఉంది, దీన్ని ఎవరూ అనుకరించకూడదని ముందే మనవి. ఆన్‌బోర్డ్ మెమరీ ఉన్న మౌస్ కొని, కంపెనీ సాఫ్ట్‌వేర్ ఒక్కసారి గెస్ట్‌గా వేసి, కావలసిన సెట్టింగులన్నీ మౌస్‌లోకి ఎక్కించేసి, వెంటనే ఆ సాఫ్ట్‌వేర్‌ని తీసేస్తారు. కంపెనీ సర్వర్ ఇక వాళ్ల కోసం కళ్లు కాయలు కాసేలా ఎదురుచూడాల్సిందే. ప్రింటర్ విషయంలోనూ అంతే. యాప్ జోలికి పోకుండా, ఐపీపీ ఎవ్రీవేర్ లాంటి, విడిగా డ్రైవర్ అక్కర్లేని పద్ధతి ఉన్న లేజర్ ప్రింటర్ తెచ్చుకుని, రౌటర్‌లో దానికి బయటి నెట్ కట్ చేసి, ఇంట్లో వైఫైకి మాత్రం తగిలించి పెడతారు. అది నోరెత్తకుండా ప్రింట్లు ఇస్తూ పోతుంది. ఫర్మ్‌వేర్ అప్‌డేట్లు మాత్రం చేత్తో వేసుకోవాలి, ఆ కష్టం వాళ్లకి తగిన శాస్తే.

కాబట్టి సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్‌కో, విజయవాడలో ఏదైనా కంప్యూటర్ షాపుకో వెళ్లినప్పుడు బాధ్యతగల వినియోగదారుడిగా కౌంటర్ దగ్గర గట్టిగా అడగండి: "అన్నా, ఈ మౌస్‌కి అకౌంట్ ఎక్కడ క్రియేట్ చేసుకోవాలి?" అక్కడి కుర్రాడు మిమ్మల్ని ఎగాదిగా చూసి, "మౌస్‌కి అకౌంట్ ఏంది సార్, గుచ్చితే నడుస్తది" అంటాడు. అతన్ని క్షమించండి, ఇంకా అప్‌డేట్ కాలేదు. ఆ మౌసే ప్యాక్ చేయించుకోండి.