చైనా సరుకు బంద్ చేస్తే చైనా దిగొస్తుందా?

వరంగల్, కరీంనగర్ రైతుల వాట్సాప్‌ గ్రూపుల్లో ఒక సందేశం జోరుగా తిరుగుతోంది: "చైనా బతికేదే మన కొనుగోళ్ల మీద. దిగుమతులన్నీ ఒక్కసారి బంద్ పెడితే ఆరు నెలల్లో సరిహద్దు వదిలి పోతది. మన రైతుకు పైసా నష్టం లేదు. 2020 తర్వాత కూడా సర్కారు ఏం చేయలేదు."

మొదటి మాటే లెక్కకు నిలవదు. 2024లో చైనా ఎగుమతులు మూడున్నర లక్షల కోట్ల డాలర్లు దాటాయి. 2024-25లో మనం కొన్నది సుమారు 11,350 కోట్ల డాలర్లు. నూటికి మూడు! ఆ మూడు పోతే చైనా మూతపడదు.

ఏం చేయలేదన్నదీ అబద్ధమే. 2020 ఏప్రిల్‌లో చైనా పెట్టుబడులకు ముందస్తు అనుమతి తప్పనిసరి చేశారు. జూన్‌లో గల్వాన్‌లో మన సూర్యాపేట బిడ్డ కర్నల్ సంతోష్‌బాబుతో సహా 20 మంది అమరులయ్యాక 59 యాప్‌లు నిషేధించారు. లద్దాఖ్ సరిహద్దులోని దెప్సాంగ్, దెమ్‌చోక్‌లలో గస్తీపై ఒప్పందం 2024 అక్టోబర్‌లో కుదిరింది. అదీ వ్యాపారం బంద్ పెట్టి కాదు, సైన్యాన్ని ఎదురుగా నిలబెట్టి నాలుగేళ్లు మాట్లాడితే.

"రైతుకు నష్టం లేదు" అన్నదే అన్నిటికన్నా ప్రమాదం. వరంగల్ ఏనుమాముల మార్కెట్‌కు వచ్చే తేజ రకం మిర్చికి చైనా పెద్ద గిరాకీ. కరీంనగర్ గ్రానైట్ దిమ్మెలూ అక్కడికే పోతాయి. మనం తలుపు మూస్తే వాళ్లూ మూస్తారు, ముందు పడిపోయేది ఇక్కడి ధర. ఎరువుల్లోనైతే వాళ్లే ముందు మూశారు: 2021 నుంచి ఫాస్ఫేట్ ఎగుమతులను బిగించారు, ఫాస్ఫేట్ ఎరువైన డీఏపీకి కటకట మొదలైంది. అందుకే 2025లో సౌదీ సంస్థతో ఏటా 31 లక్షల టన్నుల డీఏపీకి ఒప్పందం చేసుకున్నారు. ముందు వేరే దారి చూసుకుని, తర్వాత ఒక్కో సరుకులో చైనా మీద ఆధారం తగ్గించుకోవడమే పనికొచ్చే విధానం. తొందరపడితే ఎరువుల కోసం సొసైటీల ముందు చెప్పుల వరుసలే మిగులుతాయి.

పొలంలోనూ ఆ దారి ఉంది. 50 కిలోల డీఏపీ బస్తాలో నత్రజని 9 కిలోలు, భాస్వరం 23 కిలోలు. మూడు బస్తాల సింగిల్ సూపర్ ఫాస్ఫేట్, దానికి తోడు 20 కిలోల యూరియా వేస్తే దాదాపు అంతే అందుతుంది, పైగా గంధకం అదనం. సూపర్‌కు కావలసిన రాతి ఫాస్ఫేట్ ఎక్కువగా ఈజిప్ట్, జోర్డాన్, మొరాకోల నుంచి వస్తుంది. సూపర్ మొత్తం ఆఖరి దుక్కిలోనే వేయాలి. భాస్వరం నేలలో కదలదు కాబట్టి పైపాటుగా చల్లితే వేళ్లకు అందదు.